127కె బస్సూ, నష్టాల వాదమూ

హైటెక్ సిటీ చరిత్రను 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభోత్సవంతో మొదలుపెట్టడం మనవాళ్లకు అలవాటయింది. నేను చదివిన హైటెక్ కథల్లోనూ అమెరికా విమానం ఉంది గాని, కోఠి నుంచి మాదాపూర్ మీదుగా కొండాపూర్ పోయే 127కె బస్సు లేదు. మేడల అద్దాలు తుడిచేవాళ్లూ, కాపలావాళ్లూ, క్యాంటీన్ వంటవాళ్లూ నిలబడి ప్రయాణం చేసేది అటువంటి బస్సుల్లోనే.

ఆర్టీసీ నష్టాల్లో ఉందట! ఎవరి లెక్కలో? బస్సు మోసుకొచ్చిన శ్రమతో వచ్చిన లాభం మేడల ఖాతాలో పడింది. మోసిన ఖర్చు మాత్రం బస్సు ఖాతాలో మిగిలింది. దీన్ని లెక్క అనడానికి నాకు నోరు రావడం లేదు.

2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. 52 రోజులు సాగింది. ఆ మధ్యలోనే, నవంబరు 4న, బయోడైవర్సిటీ కూడలిలో కొత్త ఫ్లైఓవర్ తెరిచారు. 23వ తేదీన ఒక కారు వేగంగా వచ్చి దాని మీదనుంచి కిందపడింది; రోడ్డు పక్కన నిలబడిన స్త్రీ చనిపోయింది. ఆ ఫ్లైఓవర్ ఏటా ఎంత ఆర్జిస్తోందని అడిగిన మంత్రి లేడు. సమ్మె ముగియగానే డిసెంబరులో బస్సు చార్జీలు మాత్రం కిలోమీటరుకు 20 పైసల చొప్పున పెరిగాయి.

2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు చార్జీ లేదు. ఇది సోమరులకు దానమని కార్లలో తిరిగే పెద్దమనుషులు ఈసడిస్తున్నారు. సరే, ఫ్లైఓవర్ ఎక్కినందుకు వారు కొన్న టికెట్టు చూపించమనండి.