లక్షా ముప్పై వేల ఫోనూ, అబ్బా రాసిన చీటీ

కొత్త ఫోన్ ఎలా ఉంది భాయ్ అని వలీమా దావతుల్లోనూ, జుమా అయ్యాక మసీదు మెట్ల మీదా అడిగినవాళ్లకి ఇన్నాళ్లూ 'అచ్ఛా హై, మాషాఅల్లాహ్' అని చెప్పి తప్పించుకున్నాను. పద్నాలుగు నెలలు వాడాను కాబట్టి ఇప్పుడు కాస్త వివరంగా చెప్పొచ్చు.

ఫోన్ శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24 అల్ట్రా. 2024 జనవరిలో వచ్చినప్పుడు మన దగ్గర ధర 1,29,999 రూపాయల నుంచి మొదలైంది. 'ఇత్తే పైసోం మే ఉమ్రా హో జాతా థా నా బేటా' అంది అమ్మీ. ఆమె లెక్క పెద్దగా తప్పేం కాదు.

దుకాణంలో కుర్రాడు 'నో కాస్ట్ ఈఎంఐ' తీసుకోమని అరగంట వెంటపడ్డాడు. వడ్డీ లేదు సార్ అంటాడు. ఎందుకు లేదు? బ్యాంకు తన వడ్డీ తాను వేసుకుంటుంది. ఆ మేరకు ధర ముందే తగ్గించి చూపిస్తారు కాబట్టి మన కంటికి ఆనదు. ఆ వడ్డీ మీద పడే జీఎస్టీ మాత్రం మనమే కడతాం. ఈ సున్నా శాతం వడ్డీ పథకాలని 2013లో రిజర్వు బ్యాంకే తప్పుపట్టింది. సూద్ హరామ్ అని బయాన్‌లో తలలూపి, బయటికొచ్చి కార్డు గీకేవాళ్లని రోజూ చూస్తున్నాను. నేను రెండేళ్లు కూడబెట్టింది, పాత ఫోన్ మారకానికి వచ్చింది కలిపి నఖద్ ఇచ్చాను. సూద్ తప్పింది సరే, మరి ఇస్రాఫ్ సంగతేమిటని మీరు అడగొచ్చు. నేనూ అడుక్కున్నాను.

ఫోన్ బాగుంది. తెర 6.8 అంగుళాలు, చుట్టూ టైటానియం చట్రం, బరువు 232 గ్రాములు. కుర్తా పై జేబులో పెట్టుకుని రుకూకి వంగితే జారి జానమాజ్ మీద పడుతుంది. మొదటి వారం రెండుసార్లు పడింది, ఇప్పుడు ఇంట్లోనే వదిలి వెళ్తున్నాను, ఆ విధంగా నమాజ్‌కి మేలే జరిగింది. ఎండలో తెర కనిపించడంలో ఇంతకు ముందు వాడిన ఏ ఫోనూ దీనికి సాటి రాదు. అద్దం మీద వెలుతురు తిరిగి మెరవదు. మే నెల మిట్టమధ్యాహ్నం చార్మినార్ దగ్గర నిలబడి వార్త టైపు చేసి పంపాను. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. ఫజర్‌కి చార్జర్ తీస్తే మళ్లీ ఇషా దాటాకే దాని అవసరం. ఏడేళ్ల పాటు అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది. నిజంగా ఏడేళ్లూ వాడితే నెలకి పదిహేను వందల యాభై పడుతుంది. కానీ మనలో ఒకే ఫోన్‌ని ఏడేళ్లు వాడినవాళ్లెవరో చెప్పండి. ఇస్రాఫ్ కొనడంలో కన్నా మాటిమాటికీ మార్చడంలో ఎక్కువుందని నా రాయ్.

కెమెరా 200 మెగాపిక్సెళ్లు, నూరు రెట్ల జూమ్. షాబాన్ ఇరవై తొమ్మిదో తేదీ సాయంత్రం మా మేడ మీద పిల్లలు దూర్బీన్‌లా దీంతోనే చాంద్ వెతికారు. చంద్రుడి ఫోటోని కృత్రిమ మేధ సాయంతో మెరుగుపరుస్తున్నామని ఇదే కంపెనీ 2023లో వివరణ ఇచ్చుకుంది. తానే కొంత దిద్దే ఫోన్ గవాహీని ఏ ముఫ్తీ సాబ్ ఒప్పుకుంటారో తెలీదు.

అసలు చెప్పాలనుకున్నది దీని ఖలం గురించి.

ఈ ఫోన్ అడుగున చిన్న పెన్ను దాగి ఉంటుంది. నొక్కితే బయటికొస్తుంది, తెర మీద రాయొచ్చు. ఎంత నొక్కి రాస్తున్నామో 4096 స్థాయుల్లో పసిగడుతుందట. నేను దాన్ని నెలకోసారి కూడా బయటికి తీయలేదు. తీసింది మా అబ్బా.

అబ్బా కాతిబ్. హైదరాబాద్‌లో ఒక ఉర్దూ రోజ్‌నామాలో ఇరవై ఏళ్ల పైన కితాబత్ చేశారు. సాయంత్రం వార్తలొస్తే పసుపు కాగితం మీద నస్తాలీఖ్‌లో రాసివ్వడం, పొద్దున్నే అది అచ్చవడం. 1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖ్‌ని యంత్రానికి నేర్పారు. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. రెండు మూడేళ్లలో అబ్బా ఛత్తా బజార్‌కి వెళ్లి షాదీ రుఖ్ఖాలు రాసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు డెబ్భై ఏడేళ్లు. చెయ్యి కొంచెం వణుకుతుంది.

ఒక ఆదివారం ఆ పెన్ను ఆయన చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, 'ఇస్ మే ఖత్ నై హై' అన్నారు. ఆయన మాట నిజమే. వెదురు ఖలం మొనని ఏటవాలుగా కోస్తారు, దాన్నే ఖత్ అంటారు. ఖలం ఎటు తిరిగితే అటు గీత సన్నబడటం, లావెక్కడం ఆ కోతలోనే ఉంటుంది. అలిఫ్ ఎంత పొడవుండాలో కూడా ఖత్‌తోనే కొలుస్తారు, మూడు ఖత్‌లు. ఈ పెన్ను మొన గుండ్రం. లావు కావాలంటే నొక్కాలి. అయినా ఆయన వదల్లేదు. పావుగంట తంటాలుపడి మణికట్టు తిప్పడం మానేసి, వేలి బరువుతో రాయడం పట్టుకున్నారు. నూన్ దాయిరా గుండ్రంగా వచ్చినప్పుడు ఆయన ముఖం చూడాలి. ఆ క్షణంలో లక్షా ముప్పై వేలూ వసూలైపోయాయనుకున్నాను.

తర్వాత ఒక వరస రాసి తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి ఇచ్చారు. అది చూసి మురిసిపోయి, 'ఎంత బాగుంది దాదా! ప్రింటు తీసి ఫ్రేమ్ కట్టిద్దాం' అంది. ఆయతో దుఆనో అనుకుంది. ఆయన నవ్వలేదు, నా వైపు చూశారు. అందులో ఉన్నదల్లా, చాయ్‌లో షకర్ తక్కువ వెయ్యి బేటీ, అని.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగులో చేశాను, తెలుగు వార్తలు రాసే అన్నం తింటున్నాను, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పిల్లలిద్దరినీ ఇంగ్లీషు మీడియంలో వేసింది నేనే. అరబీ సాబ్ ఇంటికొచ్చి ఖురాన్ షరీఫ్ చదివించారు, తజ్వీద్‌తో చదువుతారు. అంటే అక్షరాలు చాలావరకు వచ్చు. కొత్తగా నేర్చుకోవాల్సింది పే, టే, చే, గాఫ్ లాంటి పిడికెడు హర్ఫ్‌లు, నస్తాలీఖ్ వాలు, అంతే. ఆ పిడికెడు నేర్పించడానికి తొమ్మిదేళ్లుగా నాకు ఫుర్సత్ దొరకలేదు. ఫోన్ ధరలు పోల్చి చూడటానికి మాత్రం మూడు వారాలు దొరికాయి.

ఉర్దూని ఫోన్లు చంపుతున్నాయని మన జల్సాల్లో తరచూ వింటాం. కొంత సచ్చాయి ఉంది. ఫోన్‌లోనే మాటల్ని తర్జుమా చేస్తుందని గొప్పగా చెప్పిన సదుపాయం 13 భాషలతో మొదలైంది. మొదట్లో మన దేశం నుంచి హిందీ ఒక్కటే ఉండేది. ఉర్దూ ఉండేది కాదు, తెలుగూ ఉండేది కాదు. 'హౌ', 'నక్కో' అనే మన ఇళ్ల జబాన్ సంగతి ఇక అడక్కండి. ఆండ్రాయిడ్‌లో ఉర్దూ టైపు చేస్తే మామూలుగా నస్ఖ్‌లో కనిపిస్తుంది. మా పిల్లలకి అది ఖురాన్ అక్షరంలా తెలిసిన ముఖమే. అబ్బాకి మాత్రం 'యే ఉర్దూ హై కి అరబీ?' అనిపిస్తుంది. కానీ నస్తాలీఖ్ ఫాంటుని గూగుల్ పదేళ్ల కిందటే ఉచితంగా ఇచ్చింది. ఉర్దూ కీబోర్డూ ఉచితమే, వేలితో గీసినా గుర్తుపడుతుంది. మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో అరవై మందిమి. అందరం ఉర్దూలో పోట్లాడుకుంటాం, రాసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ కీబోర్డు పెట్టుకున్నది ఇద్దరం. ఇందులో కంపెనీ ఖుసూర్ ఏముంది? నేను కూడా ఇక్కడ ఉర్దూ మాటల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాను, ఒప్పుకుంటున్నాను. తెలుగే మాతృభాష అయిన నూర్‌బాషా ఇళ్లకి ఈ గోల లేదు, వాళ్ల జబాన్ వాళ్లకి ముబారక్. నేనంటున్నది ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, దాదా రాసిన చీటీని బొమ్మలా చూసే పిల్లలున్న మా బోటి ఇళ్ల గురించి.

కొనాలా వద్దా అని అడుగుతున్నారు కదా. ఎండలో తిరిగే పని, ఫోటోల పని ఉంటే, సూద్ లేకుండా కొనగలిగితే, ఏడేళ్లు ఉంచుకుంటానని నియ్యత్ ఉంటే కొనండి. లేకపోతే ముప్పై వేల ఫోన్‌తో మీకేం తక్కువ కాదు.

మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం అస్ర్ తర్వాత ఫోన్ అబ్బాది. అమ్మాయి పక్కన కూర్చుంటుంది. ఆయన బే రాస్తే కింద తనూ రాస్తుంది, ఆయన పెన్ను బొత్తాం నొక్కి చెరిపేసి 'ఫిర్ సే' అంటారు. గంటలో ఆయనకి కళ్లు లాగుతాయి, అక్కడితో ఆపేస్తారు. వారానికి ఒక గంట చాలదని తెలిసి ఒక ఉస్తాద్‌ని అడిగాను. మా గల్లీలో నాలుగిళ్లు కలిస్తే వారానికి మూడు రోజులు వచ్చి చెబుతానన్నారు, ఇంటికి నెలకి ఎనిమిది వందలు. ఇప్పటికి మాతో కలిపి రెండిళ్లు.