ఆర్తుల పిలుపునకు చట్టబలము

గోదావరికి వరద వచ్చినపుడు ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరగనే మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడును, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. ఎవరు ఎవరికి కబురంపవలెనో, ఎవరు గట్టుపై కావలి యుండవలెనో ముందే నిర్ణయమై యుండును. పడవకై ఎదురుచూచు లంకవాసి దానిని ఒకరి దయగా తలపడు. తనకు రావలసిన సహాయమని ఎరుగును. మనస్సును వరద ముంచివేయుచున్న వానికి ఇట్టి ధైర్యమేది? ఈ ప్రశ్ననే నేడు మా పాఠకుల ముందుంచుచున్నాము.

2022వ సంవత్సరమున మన దేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరని ప్రభుత్వపు నేర గణాంకములే చెప్పుచున్నవి. అనగా దినమునకు 460 మందికి పైమాట. అన్నపూర్ణయని మనము గర్వించు ఈ డెల్టాయు దీనికి వెలిగాదు. కౌలు చెల్లింపలేని రైతు, పరీక్ష తప్పిన విద్యార్థి, ఇంటి హింసను ఎవరితోడను చెప్పుకొనలేని ఇల్లాలు ఏ గ్రామమున లేరు?

ప్రభుత్వము ఊరకుండలేదు. 2022 అక్టోబరు 10వ తేదీన టెలీ మానస్ అను సేవ ప్రారంభమైనది. 14416 అను సంఖ్యకు రేయింబవళ్ళు రుసుము లేకుండ ఫోను చేయవచ్చును, తెలుగున మాటాడవచ్చును. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ దీనికి ప్రధాన కేంద్రము. ఇది మెచ్చదగిన కార్యమే. కాని ఇది బడ్జెటునుండి పుట్టిన పథకము, చట్టమునుండి పుట్టిన హక్కు కాదు. పథకము నిధులున్నంతవరకు నడచును. హక్కు నిధులను తెప్పించును. ఈ భేదమును న్యాయస్థానములలో నిత్యము చూచుచున్న మేము దానిని స్వల్పముగా నెంచజాలము.

చట్టము ఈ దుఃఖితుల యెడల ఎట్లు వర్తించినదో స్మరింపుడు. 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షను చావబోయి బ్రతికినవానిని నేరస్థుని చేసెను. ఆ సెక్షను చెల్లదని 1994లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పగా, 1996లో విస్తృత ధర్మాసనము చెల్లునని మార్చెను. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టముతో దృష్టి మారినది. అట్టివాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నాడని భావింపవలెననియు, అతనిని విచారించి శిక్షింపరాదనియు 115వ సెక్షను శాసించినది. 2024 జూలై 1న అమలునకు వచ్చిన న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేదు. ఐనను పోలీసుల భయము ఇండ్లను వీడలేదు. బిడ్డను ఆసుపత్రికి చేర్చుటకు ముందు ఏమి చెప్పవలెనో ఆలోచించు తల్లిదండ్రులు నేటికిని గలరు. దండించు చేతిని చట్టము వెనుకకు తీసికొన్నది; ఆదుకొను చేతిని ఇంకను పూర్తిగా చాపలేదు.

అమెరికా ప్రతినిధి సభలు 2020లో ఒక చట్టము చేసి, 988 అను మూడంకెల సంఖ్యను ఇందులకే ప్రత్యేకించినవి. 2022 జూలై 16 నుండి అది దేశమంతట పనిచేయుచున్నది. దాని నిర్వహణకై టెలిఫోను వాడుకదారులనుండి కొంత రుసుము వసూలు చేసికొనుటకు రాష్ట్రములకు ఆ చట్టమే అధికారమిచ్చినది. ఆ యధికారమును వినియోగింపని రాష్ట్రములు అక్కడను పెక్కులు గలవు. కావున నిధుల భారమును ఐచ్ఛికముగా విడువరాదని మనము నేర్చుకొనవలెను.

సంఖ్య అప్పును తీర్చునా యని కొందరడుగుదురు. తీర్చదు. గిట్టుబాటు ధరను తెచ్చునా? తేదు. కాని ఆ రాత్రిని దాటించును. అప్పునకు మార్గము వెదకుటకైనను మనిషి తెల్లవారువరకు బ్రతికియుండవలెను గదా! సంఖ్య చిన్నదైనచో జనుల నోట నెట్లు నిలుచునో మనకు తెలియనిది కాదు. 2005లో హైదరాబాదున మొదలైన 108 నేడు అక్షరము రానివానికిని కంఠస్థమే.

కావున మేము కోరునది స్పష్టము. ఆత్మహత్యలను తగ్గించు కార్యక్రమములు చేపట్టవలెనని 2017 చట్టపు 29వ సెక్షను ప్రభుత్వములను ఇదివరకే ఆదేశించినది. ఆ సెక్షనునకు తోడుగ పార్లమెంటు మరియొకటి చేర్చవలెను. అందు మూడంకెల సంఖ్య శాశ్వతముగా నిర్ణయింపబడవలెను. పిలిచినవాని భాషలో, నియమిత కాలములో జవాబు రావలెను. చెప్పిన మాట గోప్యముగ నుండవలెను. మాటతో తీరని బాధకు జిల్లా ఆసుపత్రిలో వైద్యుడు దొరకవలెను. ఎన్ని పిలుపులు వచ్చెనో, ఎన్నింటికి జవాబు లేకపోయెనో ఏటేట సభకు లెక్క చెప్పవలెను.

చట్టము వచ్చువరకు మన కర్తవ్యము ఆగదు. 14416 సంఖ్యను పాఠశాల గోడపై, బస్సు స్టేషనులో, పురుగుమందుల దుకాణము ముందు వ్రాయింపుడు. ఈ జిల్లాలనుండి సభలకు వెళ్ళిన ప్రతినిధులు ఓట్లకై మరల మన వాకిటికి వచ్చినపుడు, ఈ సెక్షనుకై తామేమి చేసిరో అడుగుడు.