మన ధైర్యానికి పూచీ ఎవరిది?

టార్ నెట్‌వర్క్ అవసరమా అంటే నా జవాబు: అవసరమే. కులదాడి గురించి సాక్ష్యం చెప్పే మనిషికి, యజమాని అక్రమాన్ని బయటపెట్టే ఉద్యోగికి పేరు దాచుకోగలగడం ప్రాణరక్షణ. స్వచ్ఛందంగా రిలేలు నడిపేవాళ్లు లేకపోతే ఆ నెట్‌వర్కే లేదు. నా తగాదా రిలేతో కాదు. దాన్ని ఎవరి పేరున నడుపుతున్నామన్నదే ప్రశ్న.

టార్‌లో మన సందేశం సాధారణంగా మూడు రిలేల గుండా వెళ్తుంది. చివరిదైన ఎగ్జిట్ రిలే ఐపీ చిరునామాయే బయటి వెబ్‌సైటుకు కనిపిస్తుంది. ఎక్కడో ఎవరో బెదిరింపు పంపితే పోలీసులు ముందు వెతికేది ఆ చిరునామా గలవాణ్ణే. 2017లో రష్యాలో ఎగ్జిట్ రిలే నడిపిన ఒక గణిత అధ్యాపకుణ్ణి, తాను రాయలేదన్న పోస్టుల మీద అరెస్టు చేశారు. ఆరోపణలు ఎత్తేసింది మరుసటి ఏడాది.

ఐపీ చిరునామా ఎంత పని చేస్తుందో బెంగళూరుకు అంతకుముందే తెలుసు. 2007లో శివాజీని కించపరిచాడంటూ ఇక్కడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరిని పుణె పోలీసులు పట్టుకెళ్లారు. తప్పు ఐపీ చిరునామా కారణంగా ఆయన 50 రోజులు జైల్లో గడిపాడు.

ఐటీ చట్టం 79వ సెక్షన్ మధ్యవర్తులను కాపాడుతుంది కదా అంటారు. ఆ వాదన వినిపించేది కోర్టులో. తలుపు తట్టేది అంతకుముందే.

అలాంటప్పుడు అద్దె ఇంటి యజమాని కనెక్షన్ మీద, ఇంటర్న్ ఆధార్ మీద, పీజీ హాస్టల్ వైఫై మీద ఎగ్జిట్ రిలే పెట్టడం ఉద్యమం ఎలా అవుతుంది? "వాడు ఒప్పుకున్నాడు" అంటారా? జీతం మీ చేతిలో ఉన్నవాడి ఒప్పుకోలు ఎంతపాటిది? దళిత కుర్రాడికో ముస్లిం కుర్రాడికో స్టేషన్లో దొరికే మర్యాద, డైరెక్టరుగారికి దొరికే మర్యాద ఒకటేనా?

ఎవరో ఒకరు ప్రమాదం మోయాలి, నిజమే. మోయగలిగినవాళ్లు మోయాలి. ఎగ్జిట్ రిలే సంస్థ పేరునే ఉండాలి, కమిటీ తీర్మానంతో, వకీలు సిద్ధంగా ఉండగా. ఇంటి నుంచి ఎగ్జిట్ నడపవద్దని టార్ ప్రాజెక్టే చెబుతోంది. అంత స్తోమత లేకపోతే మధ్య రిలేనో బ్రిడ్జినో నడపండి. అదీ సేవే.

ఒనేసిము బాకీని తన లెక్కలో వేయమని పౌలు ఫిలేమోనుకు రాశాడు. మనం మన బాకీని ఒనేసిము లెక్కలో వేస్తున్నాం.