కాయిల్ మార్చుకునే హక్కు

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, కింగోవర్ దగ్గర 1980లో మెటల్ డిటెక్టర్‌కు చిక్కిన ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ బంగారు ముద్ద బరువు 27 కిలోల పైమాటే. అడుగు లోతులో అంత ముద్ద ఉంటే ఏ కాయిలైనా కూత పెడుతుంది. దశాబ్దాలుగా వెతికిన ఆ నేలల్లో ఇప్పుడు దొరికేవి చాలావరకు బియ్యపు గింజంత పలుకులు. వాటిని పట్టేదీ వదిలేసేదీ డిటెక్టర్ చివర నేలకు ఆనించి ఆడించే పళ్లెం, అంటే ఆ కాయిలే. పెద్ద కాయిల్ పెద్ద ముద్దను లోతున పసిగడుతుంది కానీ, ఇనుము కలిసిన మట్టి రొదను కూడా మోసుకొస్తుంది. చిన్న కాయిల్‌కు లోతు తక్కువ, అయినా తుప్పు మేకుల మధ్య పలుకును విడదీసి చెబుతుంది. ఆస్ట్రేలియాలోనే కాయిల్‌టెక్, నగెట్‌ఫైండర్ వంటి సంస్థలు ఇతరుల డిటెక్టర్లకు రకరకాల కొలతల్లో కాయిళ్లు చేస్తున్నది అందుకే.

కొన్ని కొత్త డిటెక్టర్లు మాత్రం కాయిల్‌లోని చిప్‌ను గుర్తుపడితేనే పనిచేస్తాయి. ఆ తాళానికి కారణంగా చెప్పే నకిలీల బెడద నిజమే. ఇండక్టెన్స్, నిరోధం సరిపోని కాయిల్ తగిలిస్తే పనితీరు దెబ్బతింటుందన్నదీ నిజమే. దానికి మందు ఆ కొలతలు బయటపెట్టడం, తాళం వేయడం కాదు. బయటి కాయిల్ వల్లే యంత్రం చెడిందని తేలితే వారంటీ నిరాకరించవచ్చు, అది న్యాయమే. తేలకుండానే అందరినీ అడ్డుకోవడం అన్యాయం. డిటెక్టర్ కొనబోయేవారు ధర కంటే ముందు, దానికి ఎవరెవరి కాయిళ్లు పడతాయో అడగండి.