అమ్మకో రచ్చబండ

మొన్న శనివారం శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌కి నూడుల్స్ తినడానికి వెళ్లాను. తిరిగొస్తూ పోర్ట్స్‌మత్ స్క్వేర్ దగ్గర ఆగిపోయాను. తాతలు, బామ్మలు గుంపులుగా కూర్చుని పేకాట, చైనా చదరంగం ఆడుతున్నారు. ఒకాయన ఎత్తు వేయడానికి పది మంది సలహాలు! అచ్చం మన ఊరి రచ్చబండే.

ఆ పార్కుని 'చైనాటౌన్ లివింగ్ రూమ్' అంటారు. ఊరికే కాదు. చుట్టుపక్కల చాలామంది పెద్దవాళ్లు ఉండేది ఒంటి గదుల్లో. వంటిల్లు, బాత్రూమ్ అందరికీ కలిపే. ఇక నలుగురితో కూర్చోవాలంటే పార్కే దిక్కు.

మరి ఒంట్లో ఓపిక తగ్గాక? 1970ల మొదట్లో ఉన్న దారి నర్సింగ్ హోమ్. అంటే ఆసుపత్రి కాదు, పెద్దవాళ్లని ఉంచి చూసుకునే చోటు. ఇల్లు వదలాలి, అలవాటైన తిండి, మాట్లాడే భాష కూడా వదలాలి. అక్కడి చైనా, ఇటలీ, ఫిలిప్పీన్స్ కుటుంబాలకి అది మింగుడుపడలేదు. అలా 1971లో 'ఆన్ లోక్' సంస్థ పుట్టింది. కాంటనీస్‌లో ఆ మాటకి అర్థం ప్రశాంతంగా, సంతోషంగా ఉండే చోటు.

ఐడియా సింపుల్. పెద్దవాళ్లు పగలు సెంటర్‌కి వస్తారు. డాక్టర్, మందులు, వ్యాయామం, వేడి భోజనం, కబుర్లు అన్నీ అక్కడే. సాయంత్రానికి ఎవరింటికి వాళ్లు. రానూపోనూ బండి కూడా వాళ్లదే. ఈ పద్ధతి ఎంత బాగా పనిచేసిందంటే, 1997 చట్టంతో అమెరికా ప్రభుత్వం దీన్ని 'పేస్' పేరుతో మెడికేర్‌లో శాశ్వతంగా చేర్చింది. చైనాటౌన్‌లో మొదలైన ఆలోచన ఇవాళ ఏ దేశం నుంచి వచ్చిన పెద్దవాళ్లకైనా పనికొస్తోంది. కల్చరల్ ఎక్స్ఛేంజ్ అంటే డ్రాగన్ డాన్స్ ఒక్కటే కాదు మరి!

ఇదంతా చూస్తుంటే ఫ్రీమాంట్‌లో మా అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది. అమ్మ వచ్చి రెండు నెలలైంది. ట్యాబ్ కొన్నాను, ఓటీటీలన్నీ పెట్టించాను. అయినా నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గరే ఉంటుంది. "ఏంటమ్మా?" అంటే "ఏం లేదురా, నీ కారు కోసం చూస్తున్నా" అంటుంది. ఇన్నాళ్లూ అది ప్రేమ అనుకున్నాను. పగలంతా మాట్లాడే మనిషి లేదని తట్టలేదు.

ఆ రాత్రే మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో అడిగాను: "ఎవరిళ్లలో అమ్మానాన్నలు ఉన్నారు?" పడుకునేలోపు ఏడు రిప్లైలు. అమ్మకి చూపించాను.

"ఆదివారం రమ్మను. పులిహోర చేస్తా" అంది.