మట్టి యింటి గౌరవము

కొత్తగూడ ప్రాంతపు కోయ గూడెములలో వెదురు తడకలల్లి, మన్ను మెత్తి కట్టిన యిండ్లు నేటికిని కలవు. వేసవిలో నవి చల్లగా నుండును. అయినను ‘పక్కా యిల్లు’ అనిన సిమెంటు కప్పే యని యెల్లరును తలంచుచున్నారు.

2024 మార్చిలో నారంభమైన ఇందిరమ్మ యిండ్ల పథకము నిరుపేదకు 5 లక్షల రూపాయల సాయము నుద్దేశించుట శ్లాఘనీయము. కాని యా ధనము సిమెంటు బస్తాల వెంట పట్టణము చేరనేల? లోకమున వెలువడు బొగ్గుపులుసు వాయువులో నూటికి 7, 8 పాళ్లు సిమెంటు పరిశ్రమదే.

మట్టిగోడ వానకు కరగును, వెదురునకు పురుగు పట్టును, మేము కాదనము. రాతి పునాది, వెడల్పు చూరు, మందు పట్టించిన వెదురు, కొద్దిపాటి సిమెంటు కలిపి యంత్రముతో నొత్తిన కాల్చని మట్టియిటుక, వీనిచే నా దోషములు చాలవరకు తొలగును. 2006 నాటి అటవీ హక్కుల చట్టము వెదురు సేకరించు హక్కును గిరిజనులకు గుర్తించియే యున్నది. పొరుగున పాలంపేటలో, 1213 నాటి రామప్ప గుడి శిఖరమునకు నీట తేలు నిటుకలు పేర్చిన సీమ యిది. పనితనమునకు కొరత యేమి?

ఏటూరునాగారము గిరిజనాభివృద్ధి సంస్థ యీ పనిని యువకులకు నేర్పవలయును. ఇంజనీర్లు ఇట్టి యింటికిని బిల్లు మంజూరు చేయవలయును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మట్టియిల్లు పేదరికపు గుర్తుగా నున్నంతవరకు కోయ సోదరుడు దానిని కోరడు. కావున స్థితిమంతులైన మన పాఠకులే తొలుత తమ యిండ్లను, కొట్టములను ఇట్లు కట్టింపవలయునని మా మనవి.