ఇటలీ రీల్.. గణపురం కట్ట

‘చింక్వె తెర్రె’ రీల్స్ మీరూ చూసే ఉంటారు. ఇటలీలో సముద్రాన్ని ఆనుకుని ఐదు పాత ఊళ్లు. రంగురంగుల ఇళ్లు, రేవులో చేపల పడవలు, ఊరి నుంచి ఊరికి కొండ అంచున కాలిబాటలు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. లైఫ్‌లో ఒక్కసారైనా అక్కడ నడవాలని నేనూ ఓ రీల్ సేవ్ చేసి పెట్టుకున్నా. విమానం టికెట్ రేటు చూశాక మాత్రం జనగామలో బస్సెక్కి హన్మకొండ మీదుగా భూపాలపల్లి జిల్లా గణపురం వెళ్లా.

సముద్రమేదీ అంటారా? అక్కడి చెరువు పేరే గణపసముద్రం! కాకతీయ గణపతిదేవుడి కాలం నాటిది. ఊళ్లోని కోటగుళ్లూ ఆ కాలానివే. గణపేశ్వరాలయం, దాని చుట్టూ చిన్న గుళ్లు.. మొత్తం 22. రామప్ప ఇక్కడికి దగ్గరే అయినా, అక్కడికొచ్చినవాళ్లలో చాలామంది ఇటు తొంగి చూడరు.

సంక్రాంతి సెలవులు కదా, రాత్రి దోస్తు ఇంట్లో పడుకుని పొద్దున్నే చెరువు కట్ట ఎక్కా. ఓ పక్క పొగమంచులో నీళ్లు, ఇంకో పక్క పొలాలు. తూము ఆ పొలాలకు నీళ్లిస్తుంది. చెరువు నిండితే మత్తడి దుంకుతుంది. వందల ఏళ్ల కిందటి ఇంజినీరింగ్ మీద వాకింగ్ అన్నమాట!

ఎదురుగా ఓ పెద్దాయన వస్తున్నాడు. భుజాన వల, చేతిలో సంచి.

“ఏం పడ్డయి పెద్దయ్యా?”

“బొచ్చెలు, రవ్వులు. కొర్రమట్టలు యాడ దొరుకుతున్నయి బిడ్డా!”

కొర్రమీను మన రాష్ట్ర చేప అని చెప్పబోయి ఆగిపోయా. ఆయన కాళ్లకు చెప్పుల్లేవు. ఓ పాదానికి గుడ్డ కట్టి ఉంది.

“సీసా పెంక కోసింది. పార్టీలు చేస్కొని ఈడనే పలగొట్టి పోతరు. వారం దినాలు నీళ్లల్ల దిగలే.”

వారం అంటే వారం కూలి. నాకు మాట రాలేదు. ఎందుకంటే నిరుడు ఇదే కట్ట మీద మేం ఐదుగురం పార్టీ చేసుకున్నాం. రీల్‌కు లైకులు మస్తు వచ్చాయి. సీసాలు ఎక్కడ పడేశామో మాత్రం గుర్తులేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేకపోయా. మీకు చెబుతున్నా.

చింక్వె తెర్రెలో ‘ప్రేమ బాట’ అని ఒకటుంది. 2012లో రాళ్లు విరిగిపడి టూరిస్టులు గాయపడితే మూసేశారు. మళ్లీ పూర్తిగా తెరిచింది 2024లో. ఇప్పుడు దానికి టికెట్ ఉంది. అక్కడి కొండదారుల్లో సరైన బూట్లు లేకుండా నడిస్తే ఫైన్ కూడా వేస్తారు. మన కట్టకు టికెట్ లేదు, ఫైన్ లేదు. బూట్లేసుకుని సరదాకొచ్చేది మనం. వట్టికాళ్లతో పనికొచ్చేది ఆ పెద్దాయన.

తిరిగొచ్చేటప్పుడు ఓ పాత యూరియా సంచి దొరికితే, కనపడ్డ గాజు పెంకులన్నీ ఏరా. మేం పగలగొట్టినవి అందులో ఉన్నాయో లేదో!

మీరూ వెళ్లండి. పొద్దున్నే వెళ్తే వలలు తీయడం చూడొచ్చు, తాజా చేపలు కొనుక్కోవచ్చు. నా పాత రీల్ డిలీట్ చేయలేదు. దాని కింద ఓ కామెంట్ రాసి పిన్ చేశా: ‘వచ్చేటప్పుడు ఓ ఖాళీ సంచి తెచ్చుకోండి.’